సగం దున్నిన పొలం

పోయినవారం కోడల్ని మనం పొలం గేటు దగ్గర వదిలేశాం. వెల్డరు నడిపే ట్రాక్టర్ మీద మడ్‌గార్డు పట్టుకుని కూర్చుని, వెనక ఊగుతూ వస్తున్న కొత్త యంత్రాన్ని మాటిమాటికీ తిరిగి చూసుకుంటూ వచ్చిందామె. దిగి గేటు తీసింది. తలెత్తి చూసింది. గొళ్ళెం చేతిలోనే ఉండిపోయింది.

పొలం సగం లేదు.

ఉండటానికి ఉంది, ఎక్కడికి పోతుంది? కానీ ఆ ఏటవాలు నేలలో పైసగం నల్లగా, పెళ్ళలు పెళ్ళలుగా తిరగబడి ఉంది. కిందిసగం మాత్రం ఆమె వదిలి వెళ్ళినట్టే పచ్చటి చాపలా పరుచుకుని ఉంది. రెండింటికీ నడుమ ఇంటి ట్రాక్టర్, నాగలి నేలలో దిగబడి, మీద మనిషి లేకుండా నిలబడి ఉంది.

ఆ పచ్చచాప వెనక ఆమె పడిన పాట్లు కిందటి భాగాలు చదవనివాళ్ళకి రెండు ముక్కల్లో చెప్పాలి. పోయినేడు కురిసిన పెద్ద వానకి వాలు మీది పైమట్టి అంతా కొట్టుకుపోయి, కింద ఆడపడుచు నారు పెంచుకునే షెడ్డులోకి దిగింది. నారుమడులన్నీ బురదలో కూరుకుపోయాయి. ఆ తర్వాత ఇంట్లో జరిగిన రభసలో మామగారు "దున్నడం నాకు నువ్వు నేర్పుతావా?" అన్నారు. "నేర్చుకుంటే తప్పేముంది?" అంది కోడలు. అప్పటినుంచి మామా కోడళ్ళు ఉప్పు గురించి మాట్లాడుకుంటారు, మందుల గురించి మాట్లాడుకుంటారు, గీజర్ పాడైతే గీజర్ గురించి మాట్లాడుకుంటారు. మట్టి గురించి మాత్రం మాట్లాడుకోరు. మట్టి మాటలన్నీ ఆమె భర్త మోస్తాడు, ఇటువి అటు, అటువి ఇటు.

ఈసారి కోత అయీ కాకముందే ఆమె పప్పుజాతి తీగనీ గడ్డిజాతి పైరునీ కలిపి పొలమంతా చల్లింది. కోసుకోవడానికి కాదు, నేలను కప్పి ఉంచడానికి. పూత పట్టగానే దానిని రోలర్‌తో తొక్కించి పడుకోబెట్టింది. ఇక ఆ కప్పు చెదరకుండా, విత్తనం పడే వరస మేరకే, అరచేతి వెడల్పు పట్టీలుగా నేలను తెరవాలి. పట్టీకీ పట్టీకీ నడుమ నేలని ముట్టుకోకూడదు. అందుకే వెల్డరు వెంటపడి, పాత నాగలి చట్రానికి చక్రాలూ పళ్ళూ అతికించి ఈ యంత్రం చేయించింది.

"చెల్లెమ్మా, ఆల్రెడీ దున్నేసినట్టున్నారే!" అన్నాడు వెల్డరు, ట్రాక్టర్ మీంచే. "మరి నేనెందుకొచ్చినట్టు?"

"అన్నయ్యా, దయచేసి కాసేపు మాట్లాడకండి."

"మాట్లాడన్లే. కానీ చీకటి పడేలోపు నేనింకో చోట ఉండాలి. మబ్బు కూడా చూశావుగా."

చూసింది. కొండవైపు ఆకాశం ఉబ్బి ఉంది. ఆ మబ్బు కింద తెరిచిన నల్లమట్టి, దాని కింద పచ్చచాప, దాని కింద ఆడపడుచు షెడ్డు. ఆమె ఇంటివైపు నడిచింది. నడిచింది అనడం కన్నా దూసుకుపోయింది అనడం సబబు.

వంటింట్లో మామగారు సింకు దగ్గర చేతులు కడుక్కుంటున్నారు. మోచేతుల దాకా మట్టి. ప్యాంటు మోకాళ్ళ దాకా మట్టి. మొహం మాత్రం వెలిగిపోతోంది.

"వచ్చావా అమ్మాయ్! టీ పెట్టు. ఇవాళ చక్కెర దగ్గర పిసినారితనం చెయ్యకు. చక్కెర వేసుకు తాగాల్సిన పనే చేశా."

దారిపొడుగునా నాలుక చివర కూర్చోబెట్టుకొచ్చిన మాటలు ఆమెకి అక్కడే తడబడ్డాయి. ఆయన తన ధోరణిలో తాను చెప్పుకుపోతున్నారు.

"నువ్వేదో పనిముట్టు కోసం వెల్డరు చుట్టూ తిరుగుతున్నావని మావాడు చెప్పాడు. ఇంట్లో బంగారంలాంటి నాగలి పెట్టుకుని నీకెందుకీ తిప్పలు అనుకున్నా. మోకాలు పీకుతున్నా లేచి ట్రాక్టర్ ఎక్కా. నువ్వొచ్చేసరికి మొత్తం దున్నేసి, గేటు దగ్గర నిలబడి నీ మొహం ఎలా వెలుగుతుందో చూద్దామనుకున్నా. ఖర్మ, సగంలో డీజిల్ అయిపోయింది. నింపి ఉంచరా అని వాడికి చెప్పానా? చెప్పా. సరే అన్నాడా? అన్నాడు."

"మామయ్యా..." అంది కోడలు. "అది నేను కావాలని వేసిన పైరు."

"ఏది?"

"మీరు దున్నేసింది."

"అది పడిపోయిన గడ్డి కదా!"

"పడిపోలేదు. నేనే పడుకోబెట్టాను."

"పడుకోబెట్టడమేంటి, పసిపిల్లా?"

ఆమె కళ్ళు మూసుకుని, ఊపిరి పీల్చుకుని, మొదటినుంచి చెప్పింది. పైరు ఎందుకు వేసిందో, ఎందుకు అణగదొక్కించిందో, పట్టీలు ఎందుకో, వాన చినుకు నేరుగా మట్టి మీద పడకపోతే ఏమవుతుందో. ఆయన తువ్వాలుతో వేళ్ళు ఒక్కొక్కటే తుడుచుకుంటూ విన్నారు. తుడుచుకోవడం ఒకచోట ఆగిపోయింది.

"ఈ పొలానికి నాగలి పెట్టొద్దని మీ అబ్బాయి మీకు చెప్పలేదా?"

"ఎవరు, వాడా? 'నేల సిద్ధం చేస్తోంది నాన్నా' అన్నాడు, అంతే. నాగలి పెట్టకుండా నేల ఎలా సిద్ధం చేస్తావని నేనెందుకు అడుగుతాను? అన్నం వండుతోంది అంటే, పొయ్యి వెలిగించిందా అని అడుగుతామా?"

"చెప్పుంటే ఒప్పుకునేవారా?"

"ఒప్పుకునేవాణ్ణి కాదు," అన్నారాయన తడుముకోకుండా. "పొద్దు వాలేదాకా నీతో పోట్లాడేవాణ్ణి. కానీ నువ్వు వద్దన్న నేల మీద దొంగతనంగా నాగలి పెట్టేవాణ్ణి కాదు. నన్నంత తేలిగ్గా లెక్కేశావా?"

ఆమెకి కోపం అలాగే ఉంది, ఎవరి మీద పడాలో తెలియక గుండెల్లో తిరుగుతోంది. ఎదురుగా ఉన్న మనిషి మోకాలు నొప్పిని మింగి, తన కోసం, తనని సంతోషపెడదామని, తన పంటని నాశనం చేశాడు. ఇలాంటివాణ్ణి ఏమని తిడతారు?

"ఒక్క సంగతి మాత్రం చెప్పాలి," అన్నారు మామగారు, గొంతు తగ్గించి. "నాగలి ఎంత తేలిగ్గా పోతోందంటే, బిగింపులు ఊడిపోయాయేమోనని రెండుసార్లు దిగి తడిమి చూశా. ఆ నేల ఎప్పుడూ అలా లేదు. మెత్తబడింది."

కోడలి మొహం ఒక్కసారి విప్పారింది. "అదే మామయ్యా! అదే నేను చెప్పేది! ఆ వేర్లే నేలని గుల్ల చేశాయి!"

"నేనూ అదే చెప్తున్నా. ఇంత మెత్తగా ఉన్నప్పుడు దున్నకపోతే ఇంకెప్పుడు దున్నుతాం?"

ఆమె వెళ్ళి ఫ్రిజ్ తలుపుకి నుదురు ఆనించి నిలబడింది. చల్లగా ఉంది. ఆ ఇంట్లో ఆ క్షణాన ఆమెకి ఎదురు చెప్పనిది అదొక్కటే.

అంతలో పెరటి తలుపు గోడకి కొట్టుకుంది. ఆడపడుచు లోపలికొచ్చింది. రబ్బరు తొడుగులు విప్పకుండానే, చేతిలో నారు ట్రే అలాగే పట్టుకుని వచ్చేసింది.

"నా షెడ్డు నెత్తిన మట్టంతా విప్పి ఆరబోసి, ఎవరమ్మా ఇక్కడ టీలు తాగుతున్నది?"

"టీ ఇంకా పెట్టలేదు," అన్నారు మామగారు.

"నాన్నా, నువ్వా దున్నింది? తమ్ముడు నీకు చెప్పానన్నాడే! నాన్న చెవిన వేశావా అని నేను పని గట్టుకుని అడిగా. సరే అక్కా, వేశాలే అన్నాడు."

"నాతోనూ అదే అన్నారు వదినా," అంది కోడలు ఫ్రిజ్ దగ్గర్నుంచి తిరక్కుండానే. "నాన్న ఒప్పుకున్నాడు కూడా అన్నారు."

"ఒప్పుకున్నానా!" అన్నారు మామగారు. "ఎప్పుడు?"

ముగ్గురూ ఒకరి మొహాలొకరు చూసుకున్నారు. అదే సమయానికి వీధివైపు నుంచి విత్తనాల బస్తా భుజాన వేసుకుని, ఏదో కూనిరాగం తీస్తూ కోడలి ఇంటాయన వచ్చాడు. చుట్టుపక్కల అందరూ అతన్ని సరేబాబు అంటారు. ముద్దుగానే అంటారు. ఏ పని చెప్పినా సరే అంటాడు, ఎవరు పిలిచినా సరే అంటాడు, అతనితో గొడవపడ్డ మనిషి ఈ భూమ్మీద లేడు. అతన్ని కట్టుకున్న మనిషికి తప్ప అతని వల్ల ఎవరికీ ఏ ఇబ్బందీ లేదు.

"అరే, అందరూ ఇక్కడే ఉన్నారే!" అన్నాడు సంబరంగా. తర్వాత మొహాలు చూశాడు. బస్తా మెల్లిగా దించాడు.

"ఏవండీ," అంది కోడలు. "మామయ్యకి ఏం చెప్పారు?"

"ఎప్పుడు?"

"ఎప్పుడైనా."

అతను నీళ్ళు నమిలాడు. "చెప్దామనే వెళ్ళా. చాలాసార్లు. వెళ్ళినప్పుడల్లా నాన్న మంచి హుషారుగా ఉన్నాడు. పాడు చెయ్యడం ఎందుకులే అని..."

"హుషారుగా లేనప్పుడు?"

"అప్పుడు అసలే చెప్పలేంగా."

ఆడపడుచు ట్రేని బల్ల మీద గట్టిగా పెట్టింది. "ఒరేయ్, నీకు సిగ్గుందా?"

"అది కాదక్కా. మీ ముగ్గురికీ గొడవ కాకూడదనే నా బాధంతా."

"అయింది కదరా!"

"అదే, నాకూ ఆశ్చర్యంగానే ఉంది."

మామగారికి నవ్వొచ్చినట్టుంది, తువ్వాలు మొహానికి అడ్డం పెట్టుకున్నారు. కోడలికి మాత్రం రాలేదు. ఆమె వచ్చి భర్త ఎదురుగా నిలబడింది. అరవలేదు. అరిచి ఉంటే అతను సరే అని ఊరుకునేవాడేమో.

"మీరు నన్ను కాదన్నా బావుండేది. 'ఈ పిచ్చిపని నాకు నచ్చలేదు' అని ఒక్క మాట అనుంటే నేను మీతో పోట్లాడేదాన్ని. గెలిచేదాన్నో ఓడేదాన్నో, ఏదో ఒకటి తేలేది. మీరు సరే అన్నారు. సరే అన్న మనిషితో ఎలా పోట్లాడను చెప్పండి? గడ్డి పెంచుతోందని రోడ్డున పోయేవాళ్ళు నవ్వుతుంటే, పోన్లే, మా ఇంట్లోవాళ్ళందరూ నావైపున్నారు అనుకున్నా. ఇంట్లోవాళ్ళకి సంగతే తెలీదు! నావైపూ లేరు, అవతలివైపూ లేరు!"

అతను తల దించుకున్నాడు. "తప్పయింది."

"నాకు కాదు. అటు తిరగండి. మామయ్యకి చెప్పాల్సిందంతా ఇప్పుడు చెప్పండి. నా ముందు."

అతను తండ్రివైపు తిరిగాడు. గొణిగాడు. "గట్టిగా," అన్నారు మామగారు. అతను గట్టిగా చెప్పాడు. తాను మోయాల్సిన మాటలన్నీ ఇన్ని నెలల తర్వాత, వరస తప్పుతూ, మధ్యమధ్య భార్య సరిదిద్దుతుంటే ఒక్కొక్కటే దింపాడు. బయట వెల్డరు హారన్ కొట్టాడు. మళ్ళీ కొట్టాడు. మూడోసారి అసలు చెయ్యి తియ్యలేదు.

"సరే," అన్నారు మామగారు. వెంటనే నాలుక్కరుచుకున్నారు. "ఛ, ఆ మాట వాడి నోట వినీ వినీ నాకూ అంటుకుంది. అమ్మాయ్, వీణ్ణి పక్కన పెట్టు. మిగిలిన సగంలో నువ్వేం చేద్దామనుకున్నావో నాకు చూపించు. నచ్చకపోతే నీ మొహం మీదే చెప్తా."

"చెప్పండి," అంది కోడలు. అంత విసుగులోనూ ఆమెకి గుండె తేలికపడింది. మామగారు మట్టి గురించి తనతో నేరుగా ఒక ముక్క మాట్లాడారు.

"ముందు నా షెడ్డు సంగతి తేల్చండి," అంది ఆడపడుచు, దారికి అడ్డంగా నిలబడి. "ఆ యంత్రం కూడా నేల కెలికేదే కదా? ఆ మిగిలిన చాపైనా ఉండనివ్వండి."

"చాప అలాగే ఉంటుంది వదినా. సన్నటి గీతలు మాత్రం పడతాయి. అవి కూడా వాలుకి అడ్డంగా. పైనుంచి మట్టి జారినా ఆ పైరులో చిక్కుకుని ఆగుతుంది."

"ఆగకపోతే?"

"ఆగకపోతే పార పట్టుకుని మీ షెడ్డులో నేనుంటా."

ఆడపడుచు తమ్ముడివైపు చూసింది. "నేనూ ఉంటా," అన్నాడతను.

"నువ్వు డీజిల్ తీసుకురా ముందు," అంది అతని అక్క.

వెల్డరు విసుగంతా స్టీరింగ్ మీద చూపిస్తూ కిందిసగంలోకి ట్రాక్టర్ దించాడు. కోడలు వెనకే నడిచింది. ముందున్న పదునైన చక్రం పడుకున్న పైరుని కరకరా కోసుకుంటూ పోయింది. దాని వెనక జంట చక్రాలు చెత్తని రెండు పక్కలకీ తోశాయి. ఆ సందులో ఇనుప పన్ను దిగి, మెత్తటి మట్టిని అరచేతి వెడల్పున లేపి వదిలింది. పక్కన పైరు కదల్లేదు. మొదటి పట్టీ గట్టు చివరికి చేరేసరికి ఆమెకి కళ్ళలో నీళ్ళు తిరిగాయి. తుడుచుకుంది గాని, వెల్డరు చూసేశాడు.

"పని చేస్తోంది కదా చెల్లెమ్మా, మళ్ళీ ఏడుపెందుకు?"

"మాట్లాడకండన్నానా!"

మామగారు కంచె తీగ పట్టుకుని నెమ్మదిగా దిగొచ్చారు. తెరిచిన పట్టీ పక్కన మోకాలు మడవలేక మడిచి కూర్చుని, వేళ్ళు మట్టిలో గుచ్చారు. అరచెయ్యి అడ్డంగా పెట్టి వెడల్పు చూశారు. పక్కనున్న పైరు కిందికి చెయ్యి పోనిచ్చి తడి చూశారు. పిడికెడు మట్టి తీసి ముక్కు దగ్గర పెట్టుకున్నారు.

"చెమ్మ పట్టుకుంది," అన్నారు చివరికి. "పైన నేను తిప్పేసిన చోట అప్పుడే ఆరిపోయింది."

అంతకన్నా ఆయన అనరని ఆమెకి తెలుసు. అదే చాలు.

ఆఖరి పట్టీ అయ్యేసరికి గాలి మారింది. వెల్డరు యంత్రం విప్పి గట్టు పక్కన వదిలేసి, చెయ్యి ఊపి వెళ్ళిపోయాడు. ఆడపడుచు పట్టీల మధ్య వంగి, పైరు ఎంత మందంగా ఉందో చేత్తో లేపి చూసుకుంటోంది. పైన ఇంటాయన డబ్బాలో డీజిల్ తెచ్చి, ఆగిపోయిన ట్రాక్టర్‌లో పోస్తున్నాడు. వాన వస్తే నాగలితో సహా బురదలో దిగబడుతుంది కాబట్టి దాన్ని ముందు బయటికి తియ్యాలి. మామగారు కంచె వెంబడి పైకెక్కి ట్రాక్టర్ దగ్గరికి చేరారు.

కోడలు అట్టడుగున నిలబడి మొదటిసారి పొలమంతా ఒకేసారి చూసింది. కింద పట్టీలు దువ్వెనతో దువ్వినట్టు వాలుకి అడ్డంగా సాగాయి. చూపు అలాగే పైకి పాకింది. అక్కడ ఆగింది.

పైసగంలో చాళ్ళు చాళ్ళలా లేవు. ఒకటి వంకర తిరిగి పక్కదాని మీదికెక్కింది. ఒకచోట దున్నిందే మళ్ళీ దున్ని ఉంది, దాని పక్కనే పచ్చగా ఒక ముక్క పూర్తిగా తప్పిపోయింది. ఇంకోచోట నాగలి గట్టునే కోసుకుంటూ పోయి, ఎలాగో వెనక్కి తిరిగింది. గట్టు అవతల పెద్ద గొయ్యి ఉంది. ఇంకో జానెడు పోయి ఉంటే, ట్రాక్టర్ అందులో ఉండేది. ఇంతసేపూ నల్లరంగు చూసి ఒళ్ళు మండిపోయిందే తప్ప, ఆమె ఈ గీతలు చూడనే లేదు.

అది మామగారి దుక్కి. తాడు పట్టి దున్నారా అని జనం ఆగి అడిగిన మనిషి దుక్కి.

"అమ్మాయ్!" పైనుంచి మామగారు కేకేశారు. "నీ పట్టీల్లో చెమ్మ పట్టుకుందన్నా కదా. మరి నా చాళ్ళు ఎలా ఉన్నాయో చెప్పు. అక్కణ్ణుంచి బాగా కనిపిస్తాయి!"

ఆమె నోరు తెరిచింది.

"గీత గీసినట్టున్నాయి నాన్నా," అన్నాడు ఇంటాయన.

తలెత్తి చూడకుండానే అన్నాడు. డబ్బా వంచిన చెయ్యి వంచినట్టే ఉంది. ఆ జవాబు అతని నోటికి ఎంత అలవాటైందో ఆమెకి అర్థమైంది. వాలెక్కి ఎలా వెళ్ళిందో ఆమెకే తెలీదు. అతని మోచెయ్యి పట్టుకుని, ట్రాక్టర్‌కి దూరంగా, కంచె దాకా లాక్కుపోయింది.

"ఎన్నాళ్ళనుంచి?"

"ఏంటి?"

"మామయ్య కళ్ళు."

డబ్బాలో మిగిలిన డీజిల్ అతని చెప్పుల మీద కారుతోంది. అతను గమనించలేదు. "గట్టిగా మాట్లాడకు. అక్కక్కూడా తెలీదు."

"డాక్టరు దగ్గరికి మీరేగా తీసుకెళ్ళారు. అద్దాలు మారిస్తే సరిపోతుందన్నారన్నారు!"

"నాన్న అలాగే అనుకుంటున్నాడు," అన్నాడతను. "డాక్టరు అలా అనలేదు. పోయిన చూపు ఇక తిరిగి రాదన్నాడు. ఉన్నది కూడా తగ్గుతూ పోతుందన్నాడు. నాన్నకి మెల్లిగా చెప్పమన్నాడు. సరే అన్నా."

"చెప్పారా?"

పైన కొండ మీద ఉరుము దొర్లింది. వాళ్ళ వెనక ట్రాక్టర్ ఒక్కసారి దగ్గి, స్టార్టయింది. ఇద్దరూ గిర్రున తిరిగారు. మామగారు సీట్లో నిటారుగా కూర్చుని, నాగలి పైకెత్తి, ట్రాక్టర్ ముక్కుని తిన్నగా కిందికి, వాలులోకి తిప్పుతున్నారు. అక్కడ పట్టీల నడుమ ఆడపడుచు ఇటు వీపు పెట్టి, వంగి, ఇంకా పైరు లేపి చూసుకుంటూనే ఉంది.